ఎండెవర్ ఓడ చిత్రకారుడు సిడ్నీ పార్కిన్‌సను

కెప్టెన్ కుక్ పేరు వినని చదువరి అరుదు. బడిలో భూగోళము చదివిన బాలురందరును, న్యూజీలండు దీవులను చుట్టివచ్చి ఆస్ట్రేలియా తూర్పు తీరమునకు పటము వ్రాసిన ఆ నావికుని కథను వల్లించినవారే. ఆ యాత్రలో మొక్కలను సేకరించి, పిమ్మట 1778 మొదలు 1820 వరకు లండనులోని రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగా నుండిన జోసెఫ్ బాంక్సు పేరును కొందరైనను విని యుందురు. అదే ఓడలో, అదే బల్లకు ఒక ప్రక్కను కూర్చుండి, రెండేండ్లకు పైగా కంటబడిన ఆకును, చేపను, పక్షిని, కొండను, తీరమును కాగితముపై నిలిపిన యువకు డొకడుండెను. చిత్రకళాచరిత్ర యెరిగినవారికి అతడు మిక్కిలి పరిచితుడు. బడిపుస్తకములలో మాత్రము అతనికి చోటు దొరకలేదు. అతని పేరు సిడ్నీ పార్కిన్‌సను. పేరు చూచి ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకును ఇతనికిని సంబంధము కలదని తలపరాదు. ఆ నగరము ఇతడు మరణించిన పదునేడేండ్లకు, 1788 లో, ఒక ఆంగ్ల మంత్రి పేరిట వెలసినది.

పార్కిన్‌సను స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమునందు 1745 ప్రాంతమున జన్మించెను. తండ్రి జోయెల్ పార్కిన్‌సను బీరు కాచి అమ్ము వర్తకుడు. కుటుంబము క్వేకరు శాఖకు చెందినది. క్వేకరులు క్రైస్తవులలో ఒక తెగ. ఆయుధము పట్టరాదనియు, న్యాయస్థానమునందైనను ప్రమాణము చేయరాదనియు, ఆడంబరము కూడదనియు వారి నియమము. ఈ సంగతి ముందు మరల వచ్చును గనుక చదువరులు గుర్తుంచుకొనవలెను. తండ్రి గతించిన పిమ్మట బాలుడు ఉన్నిబట్టల వర్తకుని యొద్ద పనికి కుదిరెను. కాని అతని చేయి గజముబద్దను విడిచి కుంచె వైపే పోవుచుండెను. పూవులు, పండ్లు గీయుట అతనికి ప్రాణము. లండను చేరి, పట్టుబట్టపై తాను చిత్రించిన పూవుల బొమ్మలను 1765 లో అచ్చటి ప్రదర్శనమున నుంచెను.

లండను ప్రక్కనున్న హామర్‌స్మిత్‌లో జేమ్సు లీ అను నతనికి ఒక పెద్ద మొక్కల తోట యుండెను. నానాదేశములనుండి ఓడలపై వచ్చిన విత్తనములు ఆ తోటలో మొలకెత్తుచుండెను. పార్కిన్‌సను లీ కుమార్తెకు చిత్రలేఖనము నేర్పుచు ఆ తోటకు రాకపోకలు సాగించెను. లీ ద్వారా అతనికి బాంక్సుతో పరిచయమైనది. బాంక్సు అప్పటికి ఇరువదినాలుగేండ్ల ధనవంతుడు. మొక్కలపై పిచ్చి గలవాడు. సింహళమున డచ్చివారి గవర్నరుగా పనిచేసిన లోటెన్ అను నతడు అచ్చటి జంతువుల బొమ్మలను, పక్షుల బొమ్మలను లండనునకు తెచ్చియుండెను. వానికి నకళ్ళు వ్రాయుట బాంక్సు పార్కిన్‌సనుకు 1767 లో అప్పగించిన పని. ఆ విధముగ సింహళమును కన్నెత్తి చూడకయే అతడు అచ్చటి పక్షులను గీచెను. పని బాంక్సునకు నచ్చినది. మరుసటి యేడు మహాయాత్ర తటస్థించినది.

1769 జూను 3 వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచునని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు లెక్కగట్టియుండిరి. భూమినుండి సూర్యునకు గల దూరమును తేల్చుటకు అది మంచి అదను. దానిని చూచుటకు దక్షిణ సముద్రములోని తాహితి దీవికి ఒక ఓడను పంపుటకు ఆంగ్ల ప్రభుత్వము నిశ్చయించి, కుక్‌ను నాయకునిగా నియమించెను. ఓడ పేరు ఎండెవర్. అది మొదట బొగ్గు మోసిన ఓడ. పొడవు నూరడుగులకు కొంచెము పైమాట. అందు తొంబదిమందికి పైగా మనుష్యులు, ఏడాదిన్నరకు సరిపడు తిండి, తుపాకులు, దూరదర్శినులు, ఒక మేక సైతము ఇరికిరి. బాంక్సు తన సొంత ఖర్చుతో ఒక పరివారమును వెంటబెట్టుకొని యెక్కెను. అందు వృక్షశాస్త్రజ్ఞుడు సోలాండరు స్వీడను దేశీయుడు, స్పోరింగు అను లేఖకుడు, చిత్రకారులు ఇద్దరు, సేవకులు నలుగురు. చిత్రకారులలో అలెగ్జాండరు బకన్ అను నతడు ప్రదేశములను, మనుష్యులను గీయవలెను. పార్కిన్‌సను మొక్కలను, జంతువులను గీయవలెను. అతని జీతము ఏటికి 80 పౌనులు. ప్రయాణమునకు ముందే అతడు వీలునామా వ్రాసి పెట్టెను. ఇరువదిమూడేండ్ల వాడు వీలునామా వ్రాసినాడన్న, ఆనాటి సముద్రయానము ఎట్టిదో ఊహించుకొనవచ్చును.

1768 ఆగస్టులో ఓడ ప్లిమత్ రేవు విడిచెను. గాలి పడిపోయిన దినములలో బాంక్సు చిన్న పడవ దింపించి, నీటిమీద తేలు జంతువులను వలతో తోడి, సముద్రపక్షులను తుపాకితో కొట్టి తెచ్చుచుండెను. జెల్లిచేపలవంటి జీవులు నీటిలో నున్నంతసేపు గాజు బుడ్డివలె మెరయును; బయటికి తీసినచో గడియలో నీరై పోవును. చేపయును అంతే. ప్రాణము పోయిన క్షణమునుండి దాని రంగు మారసాగును. కావున పార్కిన్‌సనుకు పని వచ్చినప్పుడు ఆకలి, నిద్ర, ఓడ ఊగుట అను సాకులు చెల్లవు. మొక్కనైన తడిగుడ్డలో చుట్టి రేకుపెట్టెలో ఒకటి రెండు దినములు నిలుపవచ్చును. చేపకు ఆ గడువు లేదు.

మదీరా దీవి దాటి, నవంబరులో బ్రెజిలు దేశములోని రియో రేవును చేరిరి. అచ్చటి పోర్చుగీసు వైస్రాయి వీరిని శాస్త్రజ్ఞులని నమ్మక, దొంగ వర్తకులో వేగులవాండ్రో యని శంకించి, ఒడ్డున దిగనీయలేదు. అయినను కొందరు అర్ధరాత్రమున ఓడ కిటికీనుండి త్రాడు పట్టుకొని పడవలోనికి దిగి, తెల్లవారులోగా తిరిగివచ్చుచుండిరి. మేకకు మేత యను నెపముతో తెచ్చిన ఆకులలో సయితము అపూర్వమైన మొక్కలు దొరకెను. అప్పుడు పార్కిన్‌సను చిత్రించినవానిలో ఒకటి నేడు మన ఊళ్ళలో గోడలమీదను పందిళ్ళమీదను ప్రాకుచుండు కాగితపు పూల తీగ. దాని నిజమైన పూవు తెల్లని చిన్న గొట్టము. రంగుగా కనబడునది ఆకు. అతడు ఆ భేదమును ఎరిగి చిత్రించెను.

ఓడలో పని జరుగు తీరు తెలిసికొనదగినది. వెనుకభాగమున నున్న పెద్దగది కుక్‌దే యైనను, దానిని అతడు బాంక్సు బృందముతో పంచుకొనెను. ఒకే బల్లపై కుక్ పటములు వ్రాయుచుండును. బాంక్సు, సోలాండరు మొక్కను విప్పి ఆకులు, కేసరములు లెక్కించి లక్షణములు వ్రాయుచుందురు. ఎదుట పార్కిన్‌సను గీయుచుండును. శాస్త్రజ్ఞులు చూపిన సూక్ష్మమును అతడు అప్పటికప్పుడే కాగితమున చేర్చును. పొరపాటు పడినచో వారు అచ్చటనే దిద్దుదురు. యజమాని, నౌకరు, అధికారి అను భేదము ఆ బల్లవద్ద కొంత సడలెననుటలో సందేహము లేదు. పార్కిన్‌సను నెమ్మదిగల వాడు, తక్కువ మాటలవాడు. తీరిక దొరకినప్పుడు చదువుకొనుచు, దినచర్య వ్రాసికొనుచుండెను.

1769 జనవరిలో దక్షిణ అమెరికా కొననున్న తియెరా డెల్ ఫ్యూగో దీవిలో మొదటి అపాయము సంభవించెను. మొక్కలకై కొండ యెక్కిన బాంక్సు బృందము మంచులో చిక్కుకొని రాత్రి అడవిలో గడపవలసి వచ్చెను. ఇద్దరు నల్లజాతి సేవకులు చలికి ప్రాణములు విడిచిరి. బకన్‌కు మూర్ఛరోగముండెను, ఆ కొండమీదనే అతనికి మూర్ఛ వచ్చెను. అప్పటికి బ్రతికెను గాని, ఏప్రిలులో తాహితి చేరిన నాలుగు దినములకే, 17 వ తేదీన, మరల మూర్ఛ వచ్చి మరణించెను. దీవివారి ఆచారములకు ఏమి భంగము కలుగునో యని అతనిని ఒడ్డున పూడ్చక సముద్రములో దింపిరి. ప్రదేశములు, మనుష్యులు, ఇండ్లు, పడవలు గీయుపని ఆనాటినుండి పార్కిన్‌సనుపై బడెను. స్పోరింగుకు గీయుట కొంత తెలియుటచేత అతడు చేయి సాయము చేయుచుండెను. జీతము పెరిగినట్లు ఎచ్చటను కనబడదు. పని మాత్రము ఇంతలంతలైనది.

తాహితిలో మరియొక శత్రువు ఎదురయ్యెను. అవి ఈగలు. కాగితముపై వేసిన రంగును వేసినది వేసినట్లే అవి తినివేయుచుండెను. చేప మీద కూర్చుండి దాని రూపమే కనబడనీయకుండెను. బల్లను, కుర్చీని, చిత్రకారుని అందరిని కలిపి దోమతెరలో నుంచిరి. ఈగలు అందులోనికిని దూరెను. తారును బెల్లపు మడ్డిని కలిపి ఎరగా పెట్టగా, దీవివాడొకడు ఆ ముద్ద తీసికొని తన పుండుకు పూసికొనెనే కాని ఈగల బాధ తీరలేదు. ఇన్నిటి నడుమ పార్కిన్‌సను సీమపనస చెట్టును, దాని కాయను, కొబ్బరితోపులను, దీవివారి జంట పడవలను, లోయలను చిత్రించెను. మన తీరమున ఇసుక దిబ్బలపై నేడు పెంచుచున్న సరుగుడు చెట్టు ఆ దీవిలో ఉండెను; దాని గట్టి కర్రతో దీవివారు ఆయుధములు చేసికొనుచుండిరి.

ఇచ్చటనే అతని గుణము తెలియవచ్చును. ఓడ చేరిన రెండవనాడు దీవివాడొకడు కాపలావాని తుపాకిని లాగుకొని పారిపోయెను. అక్కడనున్న చిన్న అధికారి కాల్చుడని ఆజ్ఞ ఇచ్చెను. సిపాయిలు గుంపుమీద కాల్చిరి. తుపాకి తీసిన వాడు చచ్చెను. ఆ కాల్పులలో వారికి కలిగిన ఉత్సాహము వేటలో పక్షులను కొట్టువారి ఉత్సాహమువంటిదని పార్కిన్‌సను తన దినచర్యలో రోతతో వ్రాసికొనెను. క్వేకరు ఇంట పుట్టినవాని మనసుకు అది సహింపరాని దృశ్యము. ఆ దీవివారిని అతడు వింత జంతువులుగా నెంచక, వారి మాటలు అడిగి పట్టికలు వ్రాసెను. ఏ మొక్క ఏ తిండికి, ఏ రంగుకు, ఏ మందుకు పనికివచ్చునో వారినే అడిగి తెలిసికొనెను. వారివలె తన చేతిమీద పచ్చబొట్టు సైతము పొడిపించుకొనెను. ఐరోపావారిలో అట్లు చేయించుకొనిన తొలివారిలో అతడొకడు.

తాహితి విడుచునపుడు తుపయా అను పూజారి ఓడ యెక్కెను. అతడు రయతియా దీవివాడు. చుక్కలను, అలలను చూచి దీవుల దారి చెప్పగల మహానావికుడు. ఓడలోని కాగితములపై, ఓడలోని రంగులతోనే అతడును కొన్ని చిత్రములు వ్రాసెను. న్యూజీలండు మావొరీ మనుష్యు డొకడు రొయ్యజాతి పెద్ద జంతువునొకదానిని ఇచ్చి ఆంగ్లేయునివద్ద బట్ట పుచ్చుకొను చిత్రము అందొకటి. ఇరువదవ శతాబ్ది చివర బాంక్సు వ్రాసిన ఒక ఉత్తరము బయటపడువరకు అవి ఎవరు వ్రాసినవో లోకమునకు తెలియలేదు. పార్కిన్‌సను ప్రక్కన కూర్చుండి అతడు కుంచె పట్టుట నేర్చెనని పలువురు భావింతురు. అది సహజమే.

1769 అక్టోబరునుండి ఆరునెలలపాటు ఓడ న్యూజీలండు రెండు దీవులను చుట్టెను. ఇచ్చట పార్కిన్‌సను గీచిన తీరచిత్రములను గూర్చి కొంత చెప్పవలెను. సముద్రము మీదినుండి చూచునపుడు కొండలు ఏ వరుసన, ఏ యెత్తున, ఏ వంపుతో కనబడునో ఆ గీతను ఉన్నదున్నట్లు గీచినచో, తరువాత వచ్చు నావికుడు దానిని చేతబట్టి చూచి ఇది ఫలానా రేవని గుర్తించును. విశాఖపట్టణమునకు వచ్చు ఓడవారికి డాల్ఫిన్‌నోస్ కొండ గుర్తైనట్లే. అట్టి చిత్రమున కల్పనకు తావు లేదు. కొండను అందము కొరకు కొంచెము పెంచినచో ఓడ రాతిమీద కెక్కును. ఓడ నిలువదు, గాలి ఆగదు. పొగమంచు తొలగిన అరగంటలో గీత ముగియవలెను. టొలాగా అఖాతమువద్ద కొండను తొలిచి ద్వారమువలె నిలిచిన రాతి కమానును అతడు గీచెను. ఆ రాతి సందునుండి అవతలి సముద్రము కనబడును. మావొరీ వీరుల ముఖములపై చెక్కిన మెలికల పచ్చబొట్లను ఒక్క చుట్టు వదలక చిత్రించెను. ఆ దీవులలో మొదటి దినములందే మావొరీలు కొందరు తుపాకి గుండ్లకు బలియైరి. ఆ చిత్రములలోని ముఖములు చూచునపుడు ఆ సంగతి మరువరాదు.

1770 ఏప్రిలు చివర ఆస్ట్రేలియా తూర్పు తీరమున ఒక అఖాతమున దిగిరి. ఇద్దరు గ్వీగల్ తెగవారు ఈటెలతో ఎదిరించి నిలువగా, తుపాకులు కాల్చి దిగిరి. తోకయందు ముల్లుగల పెద్ద చేపలు అచ్చట విస్తారముగా దొరకినందున కుక్ మొదట ఆ రేవునకు ఆ చేప పేరు పెట్టి, పిమ్మట మొక్కల సమృద్ధి చూచి పేరు మార్చెను. నేటికిని అది బోటనీ బే, అనగా వృక్షశాస్త్రపు అఖాతము. ప్రపంచమున మరెచ్చటను చూడని చెట్లు వందలుగా వచ్చి పడెను. ఎండినచో ముడుచుకొనును, రంగు పోవును. పదునాలుగు దినములలో పార్కిన్‌సను 94 చిత్రములు గీచెను. దినమునకు ఆరేడు.

ఇంత వేగమున ప్రతిదానిని రంగులతో పూర్తిచేయుట మానవునకు శక్యము కాదు. అందుచేత అతడు ఒక పద్ధతి పెట్టుకొనెను. మొక్క రూపమంతయు పెన్సిలుతో గీచును. ఒక ఆకుకు, ఒక పూవుకు, ఒక మొగ్గకు మాత్రము నిజమైన రంగు వేయును. కాగితము వెనుక, ఆకు పైభాగము ఏ ఆకుపచ్చ, అడుగుభాగము ఏ తెలుపు, కాడ ఏ ఎరుపు, నూగు కలదా లేదా అని వ్రాసిపెట్టును. తీరిక దొరకినపుడు తక్కినది పూర్తిచేయవలెనని అతని సంకల్పము. వర్తకుడు తొందరలో చిఠాలో పద్దు వేసికొని, రాత్రి దీపము ముందు ఆవర్జాకు ఎక్కించుకొనునట్లు ఇది యొక యేర్పాటు. చిఠా పద్దు సరిగా నున్నచో ఆవర్జా ఎవరు వ్రాసినను తప్పు రాదు. బాంక్సు పేరిట నేడు బాంక్సియా యని పిలువబడు చెట్టు పూవు గూడ అతని చేతిలో ఆ దినములలోనే చిక్కెను.

జూను 11 వ తేదీ రాత్రి ఓడ పగడపు దిబ్బమీద కెక్కి అడుగున చిల్లి పడెను. ఫిరంగులను, బరువులను సముద్రములో పారవేసిరి. హోదా గలవాడు, లేనివాడు అను భేదములేక అందరును వంతులవారీగా నీరు తోడిరి. సుమారు ఒక పగలు ఒక రాత్రి యటులుండి, పోటునీటికి ఓడ తేలెను. చిల్లికి ఉన్ని, నార చేర్చిన తెరచాప చుట్టి, ఒక నదీముఖము చేరి ఏడువారాలు మరమ్మతు చేసిరి. ఓడ వెనుకభాగమున దాచిన ఎండు మొక్కలు కొన్ని నీట తడిసి చెడెను.

ఆ నదీతీరముననే కంగారు జంతువు మొదట వీరి చేతికి చిక్కినది. కుక్కకన్న పెద్దది, ముందుకాళ్ళు పొట్టి, వెనుకకాళ్ళతో గంతులు వేయుచు వేటకుక్కను మించి పోవును. జూలై 14 న గోర్ అను అధికారి ఒకదానిని కొట్టెను. మరునాడు అది భోజనమైనది. పార్కిన్‌సను ఆ జంతువును పెన్సిలుతో రెండుమారులు గీచెను. నాలుగు గీతలలో తోక బరువును, గంతుకు ముందు వెన్నువంపును పట్టెను. ఐరోపావారి చేత నిజమైన కంగారును చూచి గీయబడిన తొలి చిత్రములివి. ఆ ప్రాంతపు గూగూ యిమిదిర్ ప్రజలనడిగి జంతువు పేరును, మరి నూరారు మాటలను వ్రాసికొనెను. కంగారు అనగా నాకు తెలియదని ఆ భాషలో అర్థమని, ఆంగ్లేయులు దానినే పేరనుకొనిరని ఒక వేడుక కథ కలదు. అది కట్టుకథ. 1970 తరువాత భాషాశాస్త్రజ్ఞులు పోయి విచారింపగా, గంగూరు అనునది ఆ భాషలో ఒకజాతి కంగారుకు నిజమైన పేరే యని తేలెను. పార్కిన్‌సను చెవి అతని కంటివలెనే నమ్మదగినది.

అక్టోబరులో ఓడ జావా ద్వీపములోని బటావియా చేరెను. అదే నేటి జకార్తా. రెండేండ్లు ఇన్ని సముద్రములు తిరిగినను, కుక్ పెట్టిన పులియబెట్టిన కాబేజీ, తాజా కూరల వలన, చిగుళ్ళు కుళ్ళి నావికులను చంపు రోగము ఆ ఓడలో ఒక్కనినైనను బలిగొనలేదనవచ్చును. అట్టివారికి బటావియా యముని ద్వారమైనది. నగరమునిండ నిలువనీటి కాలువలు, దోమలు, చలిజ్వరము. ఓడ మరమ్మతు చేయనిదే సముద్రమున పోవుటకు వీలులేదు. కనుక రెండునెలలకు పైగా కూర్చుండవలసి వచ్చెను. తుపయా అచ్చటనే మరణించెను. అతని వెంట వచ్చిన బాలుడును మరణించెను. డిసెంబరు చివర ఓడ బయలుదేరి ప్రిన్సెస్ ద్వీపమున నీరు నింపుకొనెను. తరువాత రక్తవిరేచనములు వ్యాపించెను. జనవరిలో దినమున కొకరిని, ఇద్దరిని సముద్రమునకు అప్పగింపవలసి వచ్చెను. స్పోరింగు పోయిన పిమ్మట, 1771 జనవరి 26 వ తేదీన, హిందూ మహాసముద్రము నడుమ పార్కిన్‌సను కన్నుమూసెను. ఇరువదియారేండ్లకు మించని వయస్సు. మూడునాళ్ళకు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు గ్రీన్ సయితము మరణించెను. బటావియా చేరినది మొదలు ఇంగ్లండు చేరులోగా సుమారు ముప్పదిమంది పోయిరి. బాంక్సు వెంట వచ్చిన చిత్రకారులలో ఒక్కడును మిగులలేదు. ఓడ జూలైలో లండను చేరగా, బాంక్సు, సోలాండరులకు రాజదర్శనము, బిరుదులు, విందులు లభించెను.

పార్కిన్‌సను పెట్టెలో మొక్కల చిత్రములు 950 వరకు ఉండెను. వానిలో పూర్తయినవి సుమారు 280 మాత్రమే. జంతువుల చిత్రములు మూడువందల వరకు. ఇవి గాక తీరములు, మనుష్యులు, పడవలు. వీనిమీదనే వివాదము పుట్టెను. అతని అన్న స్టాన్‌ఫీల్డు పార్కిన్‌సను బాంక్సు వద్దకు పోయి తమ్ముని వస్తువులును, కాగితములును, దినచర్యయును తమకు చెందవలెనని కోరెను. జీతము పుచ్చుకొని గీచిన చిత్రములు యజమానివి. తన కొరకు వ్రాసికొనిన దినచర్య వ్రాసినవానిది. ఇది ఏ మధ్యవర్తి యైనను చెప్పగల న్యాయమే. చిక్కేమనగా, శుద్ధప్రతి దినచర్య దొరకనేలేదు. మిగిలినవి విడికాగితములు. అన్నకు అనుమానము పెరిగెను. క్వేకరు వైద్యుడు, ఇరువురికిని కావలసినవాడు, డాక్టరు జాన్ ఫాదర్‌గిల్ మధ్యవర్తిగా నిలిచి, రావలసిన జీతమునకును, వస్తువులకును కలిపి బాంక్సుచేత 500 పౌనులు ఇప్పించెను. చదువుకొనుటకు మాత్రమే యను షరతుతో కాగితములను అన్నకు ఎరువిచ్చిరి. అతడు నకలు తీయించి అచ్చుకు ఇచ్చెను.

ఆ సమయమున ప్రభుత్వపు పక్షమున ఈ యాత్రాచరిత్ర వ్రాయుచున్న హాక్స్‌వర్త్ అను నతడు న్యాయస్థానమునుండి నిషేధపుటుత్తరువు తెచ్చి ఆ పుస్తకమును ఆపించెను. తన గ్రంథము 1773 జూనులో వెలువడిన పిమ్మటనే పార్కిన్‌సను పుస్తకము బయటికి రాగలిగెను. హాక్స్‌వర్త్ గ్రంథమున పార్కిన్‌సను చిత్రములనుండి చెక్కిన ఫలకములు కలవు. చిత్రకారుని పేరు మాత్రము లేదు. ఇది అన్యాయమని స్టాన్‌ఫీల్డు మొరపెట్టుట సబబే. కాని షరతు తప్పి అచ్చు వేయుటయు, తన పీఠికలో బాంక్సును, మేలు చేసిన ఫాదర్‌గిల్‌ను గూడ నిందించుటయు సబబని చెప్పజాలము. కొలది కాలమునకే స్టాన్‌ఫీల్డు మతి చలించి మరణించెను. అతని పిల్లలు దిక్కులేనివారైరి. నిందపడిన ఫాదర్‌గిల్ అమ్ముడుపోని ప్రతులన్నిటిని తానే కొనెను. అతని మరణానంతరము, 1784 లో, నిజానిజములు తెలుపు వివరణతో ఆ పుస్తకము మరల వెలువడెను.

బాంక్సు కూడ చేతులు ముడుచుకొని యుండలేదు. ఐదుగురు చిత్రకారులను కూర్చుండబెట్టి, పార్కిన్‌సను వదలిన ఒక్క ఆకు రంగును, కాగితము వెనుకటి వ్రాతను, ఎండు మొక్కను చూచి తక్కిన చిత్రములు పూర్తిచేయించెను. పదునెనిమిదిమంది చెక్కుడుపనివారు పదుమూడేండ్లు శ్రమించి 743 రాగిరేకులు చెక్కిరి. అచ్చు మాత్రము పడలేదు. 1782 లో సోలాండరు హఠాత్తుగా మరణించెను. బాంక్సునకు వేరు పనులు పెరిగెను. కారణములెన్ని చెప్పినను, అట్టి ధనము, అట్టి అధికారము గలవాడు మరి ముప్పదియెనిమిదేండ్లు బ్రతికియు ఆ పుస్తకమును లోకమున కియ్యకపోవుట క్షమింపదగిన యాలస్యముగా తోచదు. అదే బాంక్సు మన దేశపు మొక్కల గ్రంథమును శ్రద్ధతో అచ్చువేయించెను. సామర్లకోటలో కుంఫిణీ వైద్యుడుగా నున్న రాక్స్‌బర్గ్, ఇక్కడి చిత్రకారులచేత మన మొక్కలను చూచి గీయించి, తెలుగు పేర్లతో సహా లండనునకు పంపగా, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆ మూడు సంపుటములు 1795 మొదలుకొని బాంక్సు పర్యవేక్షణలో వెలువడెను. ఆ చిత్రములు గీచిన మనవారి పేర్లు అచ్చులో లేవు.

1820 లో బాంక్సు మరణింపగా రాగిరేకులు, చిత్రములు బ్రిటిషు మ్యూజియమునకు చేరెను. 1900 - 1905 నడుమ ఆస్ట్రేలియా మొక్కలవి కొన్ని రంగులు లేక అచ్చయ్యెను. కట్టకడకు 1980 మొదలు 1990 వరకు పది సంవత్సరములు కూర్చుండి, ఆ పాత రాగిరేకులనే శుభ్రము చేసి, ఒక్కొక్క రేకుపై రంగులను చేతితో అద్ది, నూరు ప్రతులు మాత్రము ముద్రించిరి. పార్కిన్‌సను మరణించిన రెండువందల సంవత్సరములు దాటిన పిమ్మట ఆ చిత్రములు రంగులతో పుస్తకములైనవి. అతని మూల చిత్రములు లండనులోని ప్రకృతిచరిత్ర మ్యూజియములో భద్రముగా నున్నవి. సగము పెన్సిలు, ఒక ఆకు పచ్చ. వెనుక అతని చేతివ్రాత.

సముద్రమున దింపినవానికి సమాధి యుండదు. న్యూజీలండు తీరపు రెండు దీవులలో మాత్రమే గుడ్లుపెట్టు ఒక నల్లని సముద్రపక్షికి 1862 లో గ్రే అను శాస్త్రజ్ఞుడు పార్కిన్‌సను పేరు పెట్టెను. అది పగలంతయు సముద్రము మీద తిరిగి, రాత్రి చీకటి పడిన పిమ్మట కొండమీది తన బొరియకు చేరును. పిల్లలు ఎదిగిన తరువాత పసిఫిక్ సముద్రము దాటి దక్షిణ అమెరికా తీరమునకు పోయి, మరుసటి యేడు గుడ్లు పెట్టుటకు ఆ దీవులకే తిరిగివచ్చును.